నన్నే అడిగారు

2023 జనవరిలో మా బడి పిల్లల్ని తిరుపతి జూకి తీసుకుపోయాం. నాయుడుపేట నుంచి శ్రీకాళహస్తి మీదుగా పోతే గంటన్నర, మహా అయితే రెండు గంటల దారి. ముప్పై ఎనిమిది మంది పిల్లలు, నలుగురు టీచర్లం, ఒక బస్సు. బస్సు కదిలేటప్పుడు బడి గేటు దగ్గర ఒక తల్లి, ఆమె చంకలో కూతురు, ఇద్దరూ చెయ్యి ఊపారు. చంకలో ఎత్తుకునే వయసు కాదు ఆ పిల్లది, తొమ్మిదేళ్ళు. మా నాలుగో తరగతి. పేరు రాయను. పుట్టినప్పటి నుంచి సెరిబ్రల్ పాల్సీ. కాళ్ళు బిగుసుకుపోతాయి, కుడిచెయ్యి మెలి తిరుగుతుంది, మాట నిదానంగా వస్తుంది. ఎక్కాలు మాత్రం క్లాసులో అందరికంటే ముందు చెబుతుంది. నిదానంగా చెప్పినా ముందే చెబుతుంది.

అంతకు ముందురోజు సాయంత్రం ఆ తల్లి నా దగ్గరికి వచ్చి, "సార్, మా పాపను కూడా తీసుకుపోతారా?" అని అడిగింది.

"వద్దులేమ్మా. ఎండ. చాలా దూరం నడవాల. పాపకే ఇబ్బంది" అన్నాను.

"సరే సార్" అని వెళ్ళిపోయింది. ఇంకో మాట అనలేదు. పాపను ఒక్క మాటైనా నేను అడగలేదు. అది పక్కనే ఉంది, నా మొహంలోకే చూస్తా ఉంది.

ఈ మాట చెప్పినవాడు రెండుకాళ్ళ మీద గట్టిగా నిలబడేవాడైతే ఇక్కడ రాయడానికి ఏమీ లేదు. చెప్పినవాణ్ణి నేను. నా ఎడమకాలు పోలియోకు పోయింది. తొడ దగ్గర నుంచి బూటు దాకా ఇనుప కడ్డీల క్యాలిపర్, చేతిలో కర్ర. ఎక్కువ దూరమైతే వీల్‌చైర్. అయినా చెప్పాను. అదే ఏడాది మే నెలలో సింగపూర్‌లో ఒక థీమ్ పార్కుకు పోయాను. ఆ ప్రయాణం గురించి రాయమని ఈ పుస్తకం వేసే మిత్రులు అడిగారు. రాద్దామని కూర్చుంటే ముందు ఆ గేటు దగ్గరి తల్లీకూతుళ్ళే గుర్తొచ్చారు. అందుకే అక్కడి నుంచి మొదలుపెట్టాను.

నేను యానాదిని. మా తాతది శ్రీహరికోట దీవి. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నాక మా తాత కుటుంబం గట్టుకు వచ్చి, తిరిగి తిరిగి చివరికి స్వర్ణముఖి ఒడ్డున గుడిసె వేసుకుంది. నేను పుట్టింది అక్కడే. రెండో ఏట జ్వరమొచ్చింది. తగ్గాక చూస్తే ఒక కాలు వేలాడిపోయింది. అప్పట్లో చుక్కల మందు మా గుడిసెల దాకా వచ్చేది కాదు. దేశమంతా పల్స్ పోలియో ఆదివారాలు మొదలైంది 1995లో. అప్పటికి నేను హైస్కూల్లో ఉన్నాను. మన దేశంలో వైల్డ్ పోలియో చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది, 2014 మార్చిలో మనకు పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది. టీచరయ్యాక నేను కూడా బూత్‌లో కూర్చుని ఎంతో మంది పిల్లల నోట్లో చుక్కలు వేశాను. నా కాలు చూసి తల్లులు పిల్లల్ని గబగబా ముందుకు తోసేవాళ్ళు. నాకంటే మంచి పోస్టరు ఆరోగ్యశాఖకు దొరకదు!

మా అమ్మ నన్ను వీపుకు గుడ్డతో కట్టుకుని కాలువల్లో చేపలకు పోయేది. గట్టు మీద వదిలేస్తే చీమలు కుడతాయని నీళ్ళలోకే దించేది. "నీళ్ళల్లో నీ కాలు ఎవురికీ కనపడదురా కొడకా" అనేది. నిజమే. నడుముల్లోతు నీళ్ళలో నేను అందరితో సమానం, ఇంకా చెప్పాలంటే మా వాళ్ళందరికంటే ఎక్కువసేపు ఊపిరి బిగపట్టేవాణ్ణి. గట్టెక్కితేనే తేడా.

తర్వాత గిరిజన హాస్టల్. అక్కడ ఆటల పీరియడ్‌లో నాకొక ఉద్యోగం ఉండేది: చెప్పుల కాపలా. పిల్లలంతా చెప్పులు నా ముందు కుప్ప పోసి పరిగెత్తేవాళ్ళు. ఎక్స్‌కర్షన్లకు పోతే హాస్టల్ కాపలా. ఒకసారి బస్సులో ఎక్కించుకున్నారు, అప్పుడు కొండ కింద సామాన్ల కాపలా. ఎవరూ కసురుకోలేదు, తిట్టలేదు. అందరూ నా మీద జాలితోనే చేశారు. ఏడో తరగతికి వచ్చేసరికి కుప్పలో ఏ చెప్పు ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పగలిగేవాణ్ణి.

పేర్లు కూడా మారుతూ వచ్చాయి. చిన్నప్పుడు కుంటోడు. పల్లిపాడు డైట్‌లో టీటీసీ చదివేటప్పుడు వికలాంగుడు. ఇప్పుడు దివ్యాంగుడు, విభిన్న ప్రతిభావంతుడు. పేరు పొడుగవుతా వచ్చింది, మెట్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

సింగపూర్ సంగతికి వస్తాను. నా దగ్గర ఐదో తరగతి దాకా చదివిన మా కాలనీ కుర్రాడొకడు పాలిటెక్నిక్ చేసి, అక్కడ ఓడలు బాగుచేసే యార్డులో పనికి కుదిరాడు. "సార్, మీరు ఒక్కసారి రావాల. టికెట్టు నేను తీస్తా" అని రెండేళ్ళు వెంటపడ్డాడు. మా పెద్దోడు ఇంటర్ అయిపోయి ఖాళీగా ఉన్నాడు, వాణ్ణి తోడు తీసుకుని బయలుదేరాను. ప్రభుత్వ ఉద్యోగి విదేశానికి పోవాలంటే శాఖ అనుమతి కావాలి. దాని కోసం తిరిగిన ఒక ఆఫీసులో ఒకాయన నా కాగితం చూసి, నా కాలు చూసి, మళ్ళీ కాగితం చూశాడు.

"వైద్యానికా?"

"కాదు సార్. ఆటల పార్కు చూడటానికి."

ఆయన నమ్మలేదు. నవ్వి, "కారణం కాలమ్‌లో బంధువుల ఇంటికి అని రాయండి" అన్నాడు. అలాగే రాశాను. ఇప్పుడనిపిస్తుంది, ఆటకోసం అనే రాసి ఉండాల్సింది.

విమానం ఎక్కేచోట ఒక విషయం గమనించాను. కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి నా పాస్‌పోర్టు చేతిలో పెట్టుకుని మా వాణ్ణి అడిగింది: "ఆయన నడవగలరా? మెట్లెక్కగలరా? ఒక్కరే బాత్‌రూమ్‌కి పోగలరా?" పదిహేడేళ్ళ వాడు. వాడు నా వైపు చూశాడు. నేను ఇంగ్లీషులోనే, "నడవగలను, మెట్లెక్కలేను, పోగలను" అని వరసగా చెప్పాను. ఆ అమ్మాయి సరేనని రాసుకుంది, తర్వాతి ప్రశ్న మళ్ళీ మా వాణ్ణే అడిగింది. సెక్యూరిటీ దగ్గర ఇనుము కూత కూసింది. తెర వెనక కూర్చోబెట్టి, క్యాలిపర్ మీద చేత్తో తడిమి చూసి పంపించారు. అది వాళ్ళ పని, దానికి నాకు బాధ లేదు.

మన దేశంలో ఇంతకంటే పెద్ద అవమానం పడినవాళ్ళు ఉన్నారు. కోల్‌కతాకు చెందిన జీజా ఘోష్‌కి సెరిబ్రల్ పాల్సీ. 2012లో గోవాలో వికలాంగుల హక్కుల సదస్సుకు పోతూ విమానంలో కూర్చుని ఉంటే, ప్రయాణానికి పనికిరాదని ఆమెను దించేశారు. ఆమె ఊరుకోలేదు, సుప్రీంకోర్టు దాకా పోయింది. 2016లో కోర్టు ఆమెకు పది లక్షల పరిహారం ఇమ్మని చెప్పింది. ఆ తీర్పు గురించి మన పిల్లలకు చెప్పండి. మా పాపకున్న జబ్బే ఆమెదీ. ఆ పోలిక నాకు సింగపూర్ నుంచి వచ్చాక గానీ తట్టలేదు.

చెన్నై నుంచి నాలుగు గంటల చిల్లర విమానం. దిగిన మర్నాడే మా కుర్రాడు వీల్‌చైర్‌లో నన్ను బస్‌స్టాప్‌కి తీసుకుపోయాడు. బస్సు ఆగింది. డ్రైవరు సీట్లోంచి లేచి వచ్చి, మధ్య తలుపు దగ్గర నేల మీదున్న పలకను ఎత్తి బయటికి మడిచి పెట్టాడు. కుర్చీ లోపలికి పోయింది. ఆయన పలక ముడిచి మళ్ళీ పోయి కూర్చున్నాడు. నిమిషంన్నర పట్టి ఉంటుంది. బస్సులో ఒక్కరు కూడా తలెత్తి చూడలేదు. నాకు మాత్రం చెమట పట్టింది. నా వల్ల బస్సు ఆగిందే అని. నలభై ఏళ్ళ అలవాటు అంత తొందరగా పోతుందా.

అక్కడ మొదటి నుంచీ ఇలాగే ఉందనుకోకండి. 1987లో వాళ్ళ మెట్రో రైలు మొదలైనప్పుడు చాలా స్టేషన్లలో లిఫ్టులు లేవు. కట్టడాలు అందరికీ అందుబాటులో ఉండాలనే నియమావళి 1990లో వచ్చింది. పాత స్టేషన్లకు ఒక్కొక్కదానికీ తర్వాత లిఫ్టులు పెట్టుకుంటూ వచ్చారు. అడిగేవాళ్ళు అడుగుతా ఉన్నారు, కట్టేవాళ్ళు కడతా వచ్చారు.

పార్కు పేరు యూనివర్సల్ స్టూడియోస్. సెంతోసా అనే చిన్న దీవి మీద ఉంది. 2010లో తెరిచారు. ఊరి చివర హార్బర్‌ఫ్రంట్ స్టేషన్‌లో దిగి, అక్కడి షాపింగ్ మాల్ పై అంతస్తు నుంచి చిన్న రైలు ఎక్కితే సముద్రం మీదుగా దీవికి పోతుంది. రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే పులికాట్ దాటి శ్రీహరికోట పోయే రోడ్డు గుర్తొచ్చింది. రెండువైపులా నీళ్ళు, ఎదురుగా చెట్ల దీవి. ఆ దీవికి పాత పేరు పులావ్ బ్లకాంగ్ మాతి. మలయ్ భాషలో మాతి అంటే చావు. బ్రిటిష్ వాళ్ళ ఫిరంగుల కోట ఉండేది. 1970ల్లో పర్యాటకానికి ఇచ్చి, సెంతోసా, అంటే ప్రశాంతత, అని పేరు మార్చారు. అక్కడున్న ఊళ్ళవాళ్ళు గట్టుకు వచ్చేశారు. ఆ చుట్టుపక్కల దీవుల్లో ఒరాంగ్ లౌత్ అనే జనం ఉండేవాళ్ళు. ఒరాంగ్ అంటే మనిషి, లౌత్ అంటే సముద్రం. పడవల్లో పుట్టి పడవల్లో బతికిన వాళ్ళు. వాళ్ళూ అపార్ట్‌మెంట్లలోకి చేరారు. ఇది నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. ముందే తెలిసి ఉంటే ఆ రైల్లోంచి ఇంకోలా చూసేవాణ్ణి. మా తాత దీవిలో రాకెట్లు, వాళ్ళ తాతల దీవిలో రంగులరాట్నాలు.

టికెట్టు ఒక్కొక్కరికి ఎనభై డాలర్ల పైన, మన డబ్బులో ఐదు వేలు. మా కుర్రాడు కట్టాడు. నేను లోపల లెక్క వేసుకుంటానే ఉన్నాను, ఐదు వేలంటే మా అమ్మ ఎన్ని నెలల కూలి అని. నా సదరం సర్టిఫికెట్‌ను ఇంగ్లీషులోకి మార్చి, నోటరీ చేయించి, మూడు కాపీలు సంచిలో వేసుకుని పోయాను. ఎవరూ అడగలేదు. కర్ర, క్యాలిపర్ చూశారు, అంతే.

గేటు ముందు తిరిగే పెద్ద భూగోళం, దాని చుట్టూ పొగలాగా నీటి తుంపర్లు. అక్కడే వీల్‌చైర్ అద్దెకు తీసుకున్నాం. లోపల మధ్యలో చెరువు, చుట్టూ ఒక్కో తీరున ఒక్కో వీధి. నేల ఎక్కడా తెగదు. ఒక వీధిలోంచి ఇంకో వీధికి మెట్టు లేకుండా పోవచ్చు. ఇది చదివేవాళ్ళకు చిన్న విషయం. కుర్చీలో కూర్చున్నవాడికి ఇదే సగం పార్కు.

మా పెద్దోడికి మొదట కనపడింది ఆకాశంలో మెలికలు తిరిగే జంట రైళ్ళు. బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా అంటారు. నలభై రెండు మీటర్ల ఎత్తు, అంటే పద్నాలుగు అంతస్తులు. రెండు రైళ్ళు ఒకదానికొకటి ఎదురొచ్చి ఢీకొడతాయేమో అనిపించేలా తప్పుకుంటాయి. నేను కూడా ఎక్కుతానన్నాను. అక్కడి ఉద్యోగి, మలయ్ కుర్రాడు, ఇరవై ఏళ్ళుంటాయేమో, నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని నాతో చెప్పాడు. రైలు మధ్యలో ఆగిపోతే పట్టాల పక్కనున్న సన్నటి మెట్ల మీద మీ అంతట మీరు దిగి రావాలి సార్, మీరు దిగగలరా, అని. దిగలేనన్నాను. అయితే దీనికి మిమ్మల్ని పంపలేను, క్షమించండి, అన్నాడు. ఏయే రైడ్లు ఎక్కొచ్చో మ్యాప్ మీద పెన్నుతో గుర్తు పెట్టి ఇచ్చాడు.

నాకు వద్దన్న మాట కొత్త కాదు. కానీ ఆ వద్దుకు ఒక కారణం ఉంది, ఆ కారణం నాకే చెప్పారు, ఇంకోదానికి దారి చూపించారు. ఇన్నేళ్ళలో నాకు వద్దన్నవాళ్ళు ఎవరూ ఈ మూడు పనులు చేయలేదు. జనవరిలో నేనూ చేయలేదు.

మా వాళ్ళిద్దరూ రైలెక్కారు. వాళ్ళ ఫోన్లు, చెప్పులు, సంచులు నా ఒళ్ళో. సింగపూర్‌లో కూడా నాది చెప్పుల కాపలానే! నవ్వుకున్నాను గానీ పూర్తిగా నవ్వు రాలేదు.

తర్వాత జురాసిక్ పార్కు వీధి. అక్కడ గుండ్రటి తెప్ప ఉంటుంది. అందులో చుట్టూ కూర్చుంటే కాలువలో తిప్పుకుంటూ, గుద్దుకుంటూ తీసుకుపోతుంది. జనం క్యూలో మెలికలు తిరిగి నిలబడి ఉన్నారు. మమ్మల్ని పక్కదారిలో ఎక్కేచోటికి తీసుకుపోయి, వరస వచ్చేదాకా అక్కడ కూర్చోమన్నారు. అక్కడున్న అమ్మాయి మా పెద్దోణ్ణి దాటుకుని వచ్చి నన్నడిగింది: "మీరే లేచి సీట్లోకి మారగలరా? సాయం కావాలా? కావాలంటే ఎటువైపు నుంచి?"

ఎటువైపు నుంచి! ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. సాయం చేసేవాళ్ళు ఎప్పుడూ వచ్చి చంకలో చెయ్యి వేసి లేపేస్తారు. అదీ ఎడమవైపు, క్యాలిపర్ ఉన్నవైపు. దాంతో ఉన్న బ్యాలెన్సు కూడా పోతుంది. కుడివైపు నుంచి, భుజం మాత్రమే ఇస్తే చాలు అన్నాను. ఆమె కుడివైపు వచ్చి భుజం ఇచ్చింది. నాలుగడుగులు వేసి కూర్చున్నాను.

క్యాలిపర్ గురించి ముందే జాగ్రత్త పడ్డాను. బూటు తోలుది, తడిస్తే బిగుసుకుపోయి వారం దాకా పనికిరాదు. అందుకని మా ఇంటావిడ నాయుడుపేటలో పెట్టి పంపిన రెండు పెద్ద పాలిథిన్ సంచులు కాలికి తొడిగి, తొడ దగ్గర తాడుతో కట్టుకున్నాను. ఎదుటి సీట్లో చైనా ముసలామె అది చూసి తన బూట్లకూ ఒక సంచి అడిగింది. సైగలతోనే. ఇచ్చాను.

తెప్ప కదిలింది. మొదట మెల్లగా, పొదల్లోంచి బొమ్మ రాకాసి బల్లులు తలలు ఎత్తుతున్నాయి. తర్వాత చీకటి గుహ. తెప్ప మొత్తాన్ని లిఫ్టులాగా పైకెత్తి, ఒక్కసారి కిందికి వదిలేశారు. నీళ్ళు తల మీద నుంచి పడ్డాయి. పక్కన మా పెద్దోడు అరుస్తున్నాడు, ఎదురుగా ముసలామె అరుస్తోంది, నేను కూడా అరిచాను. ఏమరిచానో తెలియదు. మా వాడు తర్వాత చెప్పాడు, "అమ్మా అని అరిచావు నాయనా" అని. అమ్మ పోయి అప్పటికి ఆరేళ్ళు.

బయటికి వచ్చాక చూసుకుంటే సంచులు చిరిగి బూటు నిండా నీళ్ళు. దాని దెబ్బకు రెండు రోజులు మా కుర్రాడి గది దాటలేదు. ఆ మాట కూడా చెప్పాలి. థీమ్ పార్కుకు పోదలిచిన వైకల్యమున్న యువకులెవరైనా ఇది చదువుతుంటే, రెండో జత బూట్లు తీసుకుపోండి. ఏది ఎక్కగలరో ఏది ఎక్కలేరో ముందే వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకోండి. మధ్యాహ్నం ఎండ మనదానికి తీసిపోదు, పైగా ఉక్క. సాయంత్రం నీటి మీద స్టంట్లు చేసే వాటర్‌వరల్డ్ ప్రదర్శన చూశాం. వీల్‌చైర్లకు విడిగా చోటు ఉంది. బాగుంది, అంతకంటే రాయడానికేమీ లేదు.

ఇంటికొచ్చాక ఈ సంగతులు కొంచెం చదివాను. అమెరికాలో డిస్నీ పార్కుల్లో ఒకప్పుడు వైకల్యమున్నవాళ్ళను క్యూ లేకుండా నేరుగా పంపించేవాళ్ళట. కొందరు డబ్బున్నవాళ్ళు వైకల్యమున్న మనిషిని అద్దెకు మాట్లాడుకుని, కుటుంబ సభ్యుడని చెప్పి ముందుకు పోవడం మొదలుపెట్టారు. 2013లో అది బయటపడి గొడవైంది. అప్పటి నుంచి పద్ధతి మార్చారు. క్యూ ఎంతసేపు పడుతుందో అంత తర్వాత రమ్మని సమయం రాసిచ్చేవాళ్ళు. అంటే ఎదురుచూడటం అందరికీ ఒకటే, నిలబడి ఎదురుచూడనక్కర్లేదు, అంతే. నాకు ఇది న్యాయంగా అనిపించింది. తిరుమలలో వృద్ధులకూ మనలాంటివాళ్ళకూ విడిగా దర్శనం ఉంది కదా, అందులో పోయేటప్పుడు పక్క క్యూలో గంటలు నిలబడినవాళ్ళు చూసే చూపు నాకు తెలుసు. నేనడిగేది ముందుకు పంపమని కాదు, కూర్చోనివ్వమని.

టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో మోర్గాన్స్ వండర్‌లాండ్ అని ఇంకో పార్కు ఉంది. గోర్డన్ హార్ట్‌మన్ అనే ఆయన 2010లో తెరిచాడు. ఆయన కూతురు మోర్గాన్‌కు వైకల్యం ఉంది. ఒకసారి ఈతకొలనులో ఆ పాప ఇతర పిల్లలతో ఆడబోతే వాళ్ళు పక్కకు తప్పుకున్నారట. అది చూసి ఆ తండ్రి పార్కు కట్టాడు. వీల్‌చైర్‌తో సహా ఎక్కే ఊయల, కుర్చీతో సహా పైకీ కిందికీ కదిలే రంగులరాట్నం. వైకల్యమున్నవాళ్ళకు టికెట్టు లేదు. మిగతావాళ్ళూ వస్తారు, కలిసి ఆడతారు. 2017లో దాని పక్కనే నీళ్ళ పార్కు కూడా పెట్టారు. నీళ్ళలో పాడవకుండా గాలి ఒత్తిడితో నడిచే కుర్చీలు అక్కడ ఉన్నాయి. మా అమ్మ చెప్పిన నీళ్ళ మాట వాళ్ళ దాకా ఎట్లా పోయిందో!

మనకు అంత లేదు. విశాఖ బీచ్ రోడ్డులో అన్ని రకాల పిల్లలూ ఆడుకునే పార్కు ఒకటి కట్టారు, అది మనకు దూరం. మనకు దగ్గర చెన్నై. మెరీనా బీచ్‌లో ఇసుక మీద వీల్‌చైర్ పోయేందుకు చెక్క దారి 2022 నవంబరులో తెరిచారు. 263 మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు. తెరిచిన రెండు వారాలకే మాండూస్ తుపాను వచ్చి దాన్ని విరగ్గొట్టింది. మళ్ళీ బాగుచేశారు.

బళ్ళు తెరిచాక జూన్‌లో ఆ తల్లిని పిలిపించాను. జనవరిలో తప్పు చేశానమ్మా అని చెప్పాలనుకున్నాను. ఆమె ఎదుట కూర్చునేసరికి ఆ మాట రాలేదు. పాపనే అడిగాను, "ఈసారి మనం ఎక్కడికి పోదాం?" అని. పాప తల్లి వైపు చూసింది. తల్లి, "సార్ నిన్నే అడగతా ఉండాడు, చెప్పు" అంది. చాలాసేపటికి, "సముద్రం" అంది పాప. శ్రీహరికోట మనిషి మనవడి బడి, ముప్పై నలభై కిలోమీటర్లలో సముద్రం, ఆ పిల్ల ఒక్కసారీ చూడలేదు.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. 2016 వికలాంగుల హక్కుల చట్టం గురించి ట్రైనింగుల్లో చెబుతారు, అందులో వైకల్యాల సంఖ్య ఏడు నుంచి ఇరవై ఒకటికి పెరిగిందని మనం నోట్సు రాసుకుంటాం. అదే చట్టం 16వ సెక్షన్‌లో బడులు పిల్లలందరితో సమానంగా ఆటలకూ వినోదానికీ అవకాశం ఇవ్వాలని కూడా ఉంది. ఎక్స్‌కర్షన్ మనం పెట్టే దయ కాదని నాకు ఆ సెక్షన్ చదివాకే తెలిసింది, ఇరవై ఏళ్ళ సర్వీసు అయ్యాక.

పనులు ఒక్కొక్కటే చేశాం. పాపకు భవిత సెంటర్ ద్వారా వచ్చిన వీల్‌చైర్ ఒకటి ఇంట్లో మూల పడి ఉంది, టైర్లు లేవు. నాయుడుపేటలో సైకిల్ షాపులో టైర్లు వేయించాం. భవిత సెంటర్ టీచరమ్మ కండరాలు పట్టేసినప్పుడు ఎట్లా సర్దాలో మా అందరికీ చూపించింది. పాపను ఎటువైపు నుంచి ఎత్తాలో పాపే చెప్పింది, ఎడమ నుంచి అని. తల్లిని కూడా రమ్మన్నాం, ఆమె రెండు రోజుల కూలి పోతుందని వెనకాడితే టీచర్లం తలా కొంత వేసుకున్నాం. ఒక టీచరు మాత్రం, "ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది సార్?" అని అడిగాడు. అది అడగాల్సిన ప్రశ్నే. నాదని రాసిచ్చాను.

2024 ఫిబ్రవరిలో పోయాం. బస్సు మెట్లు మూడూ పాపను ఇద్దరం కలిసి ఎక్కించాం, కుర్చీని వెనక సీట్లో కట్టాం. సూళ్లూరుపేట దాటగానే పిల్లలు పాటలు మొదలుపెట్టారు. తడ దగ్గర ఒకడు వాంతి చేసుకున్నాడు. మెరీనా చేరేసరికి పదకొండు దాటింది.

చెక్క దారి మీద కుర్చీ సాఫీగా పోయింది. నేను పక్కన కర్రతో నడుస్తున్నాను. పాప ఏమీ మాట్లాడలేదు, ముందుకు వంగి కూర్చుంది. దారి చివర ఒక వేదికలాగా ఉంది. అక్కడి నుంచి నీళ్ళు కనపడతాయి గానీ అందవు, మధ్యలో ఇంకా ఇసుక ఉంది. పిల్లలు ఒక్క పరుగున అలల్లోకి పోయారు. పోతూ పోతూ చెప్పులన్నీ పాప కుర్చీ ముందు విడిచిపెట్టారు. ఒకడు వెనక్కి తిరిగి, "ఏయ్, చెప్పులు చూస్తా ఉండు" అని కేక వేశాడు. మంచి పిల్లవాడు. రోజూ పాప బ్యాగు మోసేది వాడే.

పాప నా వైపు చూసింది.

"నేను చూస్తాలే" అన్నాను. కర్ర పక్కన పెట్టి చెక్కల మీద కూర్చున్నాను.

తల్లీ, మా మేడమూ పాపను ఎడమవైపు నుంచి ఎత్తుకుని ఇసుకలోకి దిగారు. నడుముల్లోతుకు పోవద్దని నేను అరిచాను, సముద్రం హోరులో వినపడి ఉండదు. ముప్పై జతలకు పైనే ఉన్నాయి చెప్పులు. ఏవి ఎవరివో కాసేపు చూసి చెప్పగలిగాను. మళ్ళీ తలెత్తేసరికి ముగ్గురూ మోకాళ్ళ దాకా నీళ్ళలో ఉన్నారు, పాపను మధ్యలో పట్టుకుని నిలబెట్టారు. ఒక అల వచ్చి వెనక్కి పోయింది. పిల్లలంతా అక్కడికి చేరారు. అంతదూరం నుంచి వాళ్ళలో పాప ఎవరో నాకు వెంటనే తెలియలేదు.